ఏటిపాల పట్ట

మదురై నుంచి మేలూరు వెళ్ళే దారిలో రోడ్డు పక్కన ఒక నర్సరీ ఉంది. కిందటి నెల మా అమ్మాయి కరివేపాకు మొక్క కొనాలని అక్కడ ఆటో ఆపించింది. తను బేరమాడుతుంటే నేను వెనక వరసల్లోకి నడిచాను. గులాబీలూ మందారాలూ దాటాక, నీళ్ళతొట్టి పక్కన, నల్ల సంచుల్లో బురదమట్టి నింపి పెట్టిన మొక్కలు కొన్ని కనబడ్డాయి. సన్నటి పొడుగాటి ఆకులు. ఒక ఆకు తిప్పి చూశాను. అడుగున సున్నం రాసినట్టు తెల్లగా ఉంది.

"అది ఆత్తుపాలై అమ్మా. ఏటిగట్టున పెట్టేది. ఇంట్లో బతకదు" అంది నర్సరీ ఆవిడ తమిళంలో.

"తెలుసు" అన్నాను. మా తెలుగులో దాన్ని ఏటిపాల అంటాం.

ఆటో కదిలాక చేతికి చేదు వాసన తగిలింది. ఎప్పుడు తెంపానో, ఆకు ఒకటి నా పిడికిట్లో నలిగిపోయి ఉంది. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అని మా అమ్మాయి అడిగింది. బాగానే ఉందన్నాను. నిజంగానే బాగానే ఉంది. ఏడుపేమీ రాలేదు. ఆ రోజుల్లోనూ మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా ఏడుపు రాలేదు.

కోయంబత్తూరులో మా నాయన పనిచేసే నూలుమిల్లు వెనకే కార్మికుల లైన్లు ఉండేవి. ఒక్కో ఇంటికి ఒక గది, ముందు పొయ్యి పెట్టుకునేంత అరుగు. ఆ గదిలో నాయన, అమ్మ, నాయనను కన్న మా అవ్వ, నేను. నాయన బ్లో రూములో పత్తి బేళ్ళు విప్పేవాడు. అమ్మ రీలింగులో నూలు చిలపలు చుట్టేది. మిల్లు కూతను మేం సంగు అనేవాళ్ళం. సంగు ఊదితే లేవడం, సంగు ఊదితే తినడం. అమ్మ పని దిగి వచ్చేసరికి ఆమె కనురెప్పల మీద కూడా దూది ఉండేది. చీరలో యంత్రాల నూనె, పచ్చిదూది, తమలపాకు కలిసిన వాసన. నాకు అదే అమ్మ వాసన.

మా వాళ్ళు ఎన్ని తరాల కిందట ఈ దిక్కుకు వచ్చారో ఎవరికీ తెలియదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. బడిలో అరవ అక్షరాలే. ఇప్పుడు నేను రాస్తున్న ఈ అక్షరాలు నడివయసులో పట్టుబట్టి నేర్చుకున్నవి. అందుకే మా అవ్వ మాటలు నా చెవిలో ఉన్నంత బాగా నా చేతిలోకి రావు.

లైన్ల వెనక, ఏటి నుంచి చెరువుకు పోయే పాత కాలువ ఒకటి ఉండేది. అది వంపు తిరిగేచోట, నీళ్ళ మీదికి ఒరిగి, ఏటిపాల చెట్టు. ఇద్దరు పిల్లలం చేతులు పట్టుకుంటేగాని మాను చుట్టూ అందేది కాదు. పట్ట, అదే బెరడు, అంతా నిలువునా పగుళ్ళు. నీళ్ళలోకి దిగిన సన్నవేళ్ళు ఎర్రగా, జుట్టులా అల్లుకుని ఊగేవి. కొత్తగా కాపురానికొచ్చిన పెళ్ళికూతుళ్ళను గుడ్డలుతకడానికి అక్కడికి తీసుకుపోయి, "అక్కా, నీళ్ళదయ్యం జుట్టు!" అని ఆ వేళ్ళను పైకి లాగి చూపించేవాళ్ళం. వాళ్ళు కెవ్వుమంటే మేం పారిపోయేవాళ్ళం. సాయంత్రానికి ఆ కబురు ఇంటికి చేరేది, వీపు మీద అవ్వ చెయ్యీ పడేది.

అవ్వది సేద్యపు ఇల్లు. మిల్లు ఆమెకు ఎప్పుడూ నచ్చలేదు. పొద్దున్నే కంబు, అంటే సజ్జల, అంబలిలో మజ్జిగ పోసుకుని, చిన్న ఉల్లిపాయలు కొరుక్కుంటూ తాగి, కాలువకు వెళ్ళేది. చెట్టు మొదట్లో కూర్చుని దంచిన ఆకువక్క నములుతూ మాతో మాట్లాడేది. చలికాలంలో ఆకంతా రాలి, తర్వాత కొమ్మల నిండా ఉడుతతోకల్లాంటి పూలగుత్తులు వచ్చేవి. అవి కాయలై పగిలితే తెల్లటి దూది లేచేది. మిల్లు నుంచి వచ్చే ఆడవాళ్ళ తలల్లో ఏది మిల్లు దూదో ఏది చెట్టు దూదో తెలిసేది కాదు. ఆ దూది ఏరి నేను నా బొమ్మకు దిండు కుట్టుకున్నాను.

"ఆ దూదిలో ఇత్తనం ఉండాది కణ్ణూ" అనేది అవ్వ. కణ్ణూ అంటే కన్నా అని ముద్దుపిలుపు. "నాలుగు దినాల్లో తడిబురద దొరికితేనే బతుకుతాది. ఎండనేల మీద పడితే అంతే, పనికి రాదు. ఇది ఆడచెట్టు. మగది యాడనో ఏటికి ఎగువన ఉంటాది."

ఒకసారి లైన్లలోని పిల్లలమంతా కొమ్మలు విరిచి నాటాం. కాలువ ఒడ్డున బురదలో గుచ్చినవి తలకిందులుగా గుచ్చినా చిగిర్చాయి. నేను మాత్రం నాది మా అరుగు ముందే ఉండాలని ఇంటి ముందు నాటి, రోజూ చెంబుతో నీళ్ళు పోశాను. అది ఎండిపోయింది. అవ్వ నవ్వింది.

"పిచ్చిదానా, దానికి నీళ్ళు పోసేది కాదే. నీళ్ళ పక్కన పెట్టేది. రాత్రీపగలూ దాని కాళ్ళు తడిలో ఉండాల. సొంబుతో పోస్తే దానికి చాలదు."

ఎవరికి జ్వరం వచ్చినా అవ్వ ఆ చెట్టు దగ్గరికే వెళ్ళేది. లేత కొమ్మ పట్ట చీల్చి, మిరియాలు వేసి, నీళ్ళు సగానికి మరిగేదాకా కాచేది. నాలుక మీద పెడితే చెవుల దాకా చేదు. నాయన తాగాడు, అమ్మ తాగింది, నేను తాగాను. ఎదురింటి అత్త, చర్చికి పోయే ఆమె, తన పిల్లలకు కూడా అడిగి పట్టుకెళ్ళేది. "పెద్దమ్మా, మీ చేతి కషాయం ఉంటే డిస్పెన్సరీ దేనికి?" అనేది.

నాకు తమ్ముడు పుట్టాడు. మగపిల్లాడని కాదు గానీ, నా తర్వాత చాలా ఏళ్ళకు పుట్టాడని ఇంట్లో అందరికీ వాడంటే ప్రాణం. కొన్ని నెలలకే అమ్మ మళ్ళీ పనికి పోవాల్సి వచ్చింది. పగలంతా వాడు అవ్వ ఒళ్ళోనే. చీర ఉయ్యాల, సాంబ్రాణి పొగ, వసకొమ్ము అరగదీసిన వాసన. అవ్వ వాడికి పాడేది పాటో తిట్టో తెలిసేది కాదు. వాడు మాత్రం నవ్వేవాడు. వాడికి నవ్వితే ఒక పక్కే బుగ్గ సొట్ట పడేది.

ముసురు పట్టిన రోజుల్లో వాడికి జ్వరం వచ్చింది. డిస్పెన్సరీ డాక్టరు మందునీళ్ళు ఇచ్చాడు. తగ్గలేదు. అమ్మ పనిలో ఉండగా అవ్వ పట్ట కాచి, ఉగ్గుగిన్నెలో కొంచెం పోసింది. ఆ తర్వాత వాడికి ఎగఊపిరి మొదలైంది. నాయన ఎత్తుకుని డిస్పెన్సరీకి పరుగెత్తాడు. మరునాడు పొద్దున మొదటి సంగు ఊదకముందే వాడు పోయాడు.

డాక్టరు నాయనతో చెప్పాడు. ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరిందట, అప్పటికే ముదిరిందట, కషాయంతో సంబంధం లేదట. నాయన ఇంటికొచ్చి ఆ మాటలు అలాగే చెప్పాడు. అమ్మ వింది. అవ్వ విన్నది.

కొళాయి దగ్గర మాత్రం వేరే మాట పుట్టింది. "ముసలామె ఏందో చెట్టుపట్ట పోసిందంట, పావం, పసిగుడ్డు" అని ఎవరో అన్నారు. నేను బిందె పట్టుకుని అక్కడే ఉన్నాను. నన్ను చూసి ఆమె నోరు మూసుకుంది. కానీ ఆ మాట నాకన్నా ముందే మా ఇంటికి చేరి ఉంటుంది. లైన్లలో ఇళ్ళ గోడలు పైకప్పు దాకా ఉండేవి కావు.

అప్పటి నుంచి అమ్మ అవ్వతో మాట్లాడలేదు. తిట్టలేదు, కోపపడలేదు. వంట చేసి అవ్వ పళ్ళెంలో ముందు వడ్డించేది. చీర ఉతికి ఆరేసేది. మాట మాత్రం నా ద్వారానే. ఒకే గదిలో, చెయ్యి చాస్తే అందే దూరంలో కూర్చుని, "ఉప్పు అయిపోయిందని మీ అవ్వకి చెప్పు కణ్ణూ" అనేది. అవ్వ విని, నేను చెప్పేదాకా ఆగి, "సరి అని చెప్పు" అనేది. నాయన తల వంచుకుని ఉలవచారు కలుపుకునేవాడు. నాకు మొదట్లో అది ఆటలా ఉండేది. తర్వాత అదీ పోయింది. తమ్ముడి గురించి ఎవరూ మాట్లాడలేదు. ఉయ్యాల చీర విప్పి మడిచి పెట్టారు. దూలానికి కొక్కెం అలాగే ఉంది. నేను పడుకుని దాన్ని చూసేదాన్ని. ఏమీ అనిపించేది కాదు. చన్నీళ్ళలో ఎక్కువసేపు ఉన్న చేతులు మొద్దుబారతాయే, ఇల్లంతా అలా ఉండేది.

అవ్వ పట్ట కాయడం మానేసింది. ఎదురింటి అత్త వచ్చి అడిగితే, "నాకు చేత కాదమ్మా" అంది.

ఆ ఎండాకాలం మిల్లువాళ్ళు కొత్త షెడ్డు కడతామని కాలువ దారి మళ్ళించారు. లైన్లకు అవతలి పక్క నుంచి సిమెంటు కాలువ కట్టి నీళ్ళు అటు వదిలారు. మా వంపులో నీళ్ళు నిలిచిపోయి, పచ్చబడి, బురదై, చివరికి నేల నెర్రెలు విచ్చింది. మొదట్లో మాకు సంబరమే. కాలువ అడుగున దొరికిన గాజుముక్కలూ గోళీలూ పంచుకున్నాం. తర్వాత ఒకరోజు పైకి చూస్తే చెట్టు పసుపెక్కి ఉంది. అది ఆకు రాల్చే కాలం కాదు. పైకొమ్మల కొసలు ఎండుపుల్లలయ్యాయి. ఎర్రటి వేళ్ళ జుట్టు గట్టుకు వేలాడుతూ పాత కొబ్బరిపీచులా గోధుమరంగుకు తిరిగింది.

అవ్వ బిందె ఎత్తుకుంది.

కొళాయి దగ్గర వరసలో నిలబడి, బిందె నింపుకుని, నడుం మీద పెట్టుకుని కాలువకు పోయి చెట్టు మొదట్లో పోసేది. మళ్ళీ వచ్చేది. తాగేనీళ్ళకే కటకట. ఆడవాళ్ళు గొణిగారు. కొందరు నవ్వారు. మతి పోయిందన్నారు. నేను సిగ్గుపడి ఆమె కొంగు పట్టుకుని లాగాను.

"అవ్వా, నువ్వే కదా చెప్పితివి, దానికి పోసేది కాదని!"

"ఆమా. చెప్పితిని" అంది. బిందె దించలేదు. "వేండాం, పోసేది వద్దు అని తెలుసు కణ్ణూ. సుమ్మా, ఊరికే ఉండలేకున్నా."

అమ్మ అరుగు మీద నిలబడి ఇదంతా చూసేది. ఒకరోజు అవ్వ వచ్చేసరికి కొళాయి దగ్గర మా రెండో బిందె కూడా నింపి పెట్టి ఉంది. ఎవరు పెట్టారో అవ్వ అడగలేదు. ఎత్తుకుని పోయింది.

ఆ ఎండల చివర్లో నేను జ్వరపడ్డాను. డిస్పెన్సరీ మాత్రలు వేశారు. దిగినట్టే దిగి మళ్ళీ ఎక్కేది. కళ్ళు తెరిస్తే దూలం కొక్కెం రెండుగా కనిపించేది. అమ్మ పనికి పోవడం మానేసి నా నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చుంది. అవ్వ లోపలికి రాలేదు. పొద్దుట్నుంచీ గడప బయట, అరుగు మీద, గోడకు ఆనుకుని కూర్చునే ఉంది. నాయన పిలిచాడు.

"లోనికి రామ్మా. బిడ్డ నిన్నే అడుగుతా ఉండాది."

"నేను రాను రా. నేను ముట్టేది వద్దు."

నేను నిజంగానే అడిగానో లేదో నాకు గుర్తు లేదు. గుర్తున్నది అమ్మ లేవడం. గూట్లోంచి కత్తిపీట పక్కనుండే చిన్న కొడవలి తీసుకుంది. చెప్పులు లేకుండానే, మిట్టమధ్యాహ్నం, కాలువవైపు నడిచింది. నాయన వెంట పోబోతే, "మీరు ఉండండి" అంది.

తిరిగి వచ్చేసరికి ఆమె మోచేతులు గీరుకుపోయి ఉన్నాయి. చెట్టు ఒక పక్కే బతికి ఉందట. ఎండిన పక్క గీరితే గోధుమరంగు, ఇంకో పక్క ఇంకా పచ్చదనం. పైకెక్కి పచ్చగా ఉన్న కొమ్మల నుంచి పట్ట చీల్చుకొచ్చింది. కొంగులోంచి దాన్ని అవ్వ ముందు పోసింది. తలుపు తెరిచే ఉంది. పడుకున్న చోటి నుంచి ఇద్దరూ నాకు కనబడుతూనే ఉన్నారు.

"కాచండి అత్తా" అంది అమ్మ.

నా ద్వారా కాదు. నేరుగా. అన్ని నెలల్లో అదే మొదటి మాట.

అవ్వ పట్ట వైపు చూడలేదు. తన చేతుల వైపు చూసుకుంది. "వద్దమ్మా. ఈ చేత్తో వద్దు. నేను చచ్చినా కాయను."

"నాకు కాచేది తెలీదు. ఎంత పట్ట, ఎంత నీళ్ళు, మీకే తెలుసు."

"ఏమన్నా అయితే?"

అమ్మ అరుగు మీద, అవ్వ పక్కనే కూర్చుంది. "అయితే మనిద్దరమూ కలిసి పోసినాము అనుకుందాం" అంది. "లేవండి అత్తా. పొయ్యి నేను రాజేస్తాను."

అవ్వ లేచింది. డబ్బాలోంచి తీస్తుంటే మిరియాలు నేల మీద చెదిరాయి, అమ్మ ఏరి ఇచ్చింది. కాగుతున్న వాసన గదిలోకి వచ్చింది. ఆ వాసనకు నాయన లేచి బయటికి వెళ్ళిపోయాడు. చల్లారాక అవ్వ ముందు తాను ఒక గుక్క తాగింది. అమ్మ గిన్నె తీసుకుని తనూ ఒక గుక్క తాగింది. తర్వాత నాకు పట్టారు. అవ్వ నా తల పట్టుకుంది, అమ్మ గిన్నె పట్టుకుంది. చేదుకు నేను కక్కబోతే ఇద్దరూ ఒక్కసారే "మింగు" అన్నారు.

జ్వరం దిగింది. మాత్రలకే దిగిందో, పట్టకు దిగిందో, దిగాల్సి దిగిందో ఎవరికి తెలుసు? మా ఇంట్లో పండగేమీ చేసుకోలేదు. మరునాడు అమ్మ పనికి పోతూ గడపలో నిలబడి, "అత్తా, పాపకి అంబలి పలచగా ఇవ్వండి" అంది. "సరిమ్మా" అంది అవ్వ. అంతే. ఆ రోజు నుంచి నాకు కబుర్లు మోసే పని పోయింది.

షెడ్డు పునాదులు తవ్వడానికి చెట్టు కొట్టేస్తారని నాయన చెప్పాడు. అమ్మా అవ్వా కలిసి పోయి, పచ్చగా మిగిలిన కొమ్మలు మూరెడు మూరెడు ముక్కలుగా నరికి, తడిగోనెలో చుట్టారు. ఆదివారం ముగ్గురం పొల్లాచ్చి బస్సెక్కాం. అక్కడికి దగ్గరే మా మేనమామ కౌలుకు చేసే కొబ్బరితోట, తోట అంచున ఎండాకాలంలోనూ పారే చిన్న వాగు. బస్సులో అవ్వ గోనెను ఒళ్ళో పెట్టుకుంది. దాంట్లోంచి నీళ్ళు కారి ఆమె చీర తడిసింది. కండక్టరు అది ఏమిటని అడిగితే అమ్మ, "పుల్లలు" అంది.

వాగు ఒడ్డున బురదలో అవ్వ చూపించిన చోటల్లా అమ్మ గుచ్చింది. "ఇంకా కిందికి. నీళ్ళు తగలాల" అనేది అవ్వ. అమ్మ మోకాళ్ళ దాకా దిగింది. మామ కొబ్బరినీళ్ళు కొట్టి ఇచ్చాడు. వానలు పడ్డాక కబురంపాడు, సగానికి పైగా చిగిర్చాయని. మరుసటి ఏడు నేను చూసినప్పుడు అవి నాకంటే ఎత్తున్నాయి. తర్వాత మామ ఆ తోట వదిలేశాడు. మేం మళ్ళీ అటు పోలేదు. ఇప్పుడు ఆ వాగు పారుతోందో లేదో నాకు తెలియదు.

అవ్వ ఇంకా చాలా ఏళ్ళు బతికింది. చివర్లో మంచాన పడితే ఒళ్ళు తుడిచిందీ, అన్నం కలిపి పెట్టిందీ అమ్మే. అవ్వ పోయిన రోజు కూడా అమ్మ పెద్దగా ఏడవలేదు. అందరికీ కాఫీలు పెట్టింది. మిల్లు మూతపడింది, లైన్లు కూలగొట్టారు. నాయనా పోయాడు. అమ్మ నా దగ్గరికి మదురై వచ్చేసింది.

ఒకసారి, మేమిద్దరమే ఉన్నప్పుడు, ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే అడిగేశాను. ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్న మాట.

"అమ్మా, తమ్ముడు పోయింది అవ్వ కషాయంతోనే అనుకున్నావా నువ్వు?"

అమ్మ చేతులు ఆగలేదు. ఇంకో కాయ తీసుకుంది.

"కొన్ని దినాలు అనుకుంటిని. కొన్ని దినాలు లేదనుకుంటిని."

"మరి ఆ రోజు ఆమె చేతే ఎందుకు కాయించావు?"

"నీకు జ్వరం కదా కణ్ణూ" అంది. ఈనె లాగి పక్కన పడేసి, "ఆమె కూడా ఆ గదిలోనే ఉండాల, నేనూ ఉండాల. ఎన్ని దినాలని అట్ల ఉండేది?" అంది.

నేనింకా ఏదో అడగబోయాను. ఆమె ఈనెలన్నీ ఒక పక్కకు చేర్చి, చిక్కుడుకాయల గిన్నె నా వైపు జరిపింది.

"వాడికి ఒక పక్కే సొట్ట పడేది" అంది. "ఏ పక్కో నాకు జ్ఞాపకం రావడం లేదు. నీకుందా?"

నాకూ రాలేదు.